ఐసీయూలో తీసిన థైరాయిడ్ రిపోర్టు: ఆమ్లత వల్ల వచ్చిన తేడా ఎంత, జబ్బు వల్ల వచ్చినది ఎంత?

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. చిన్నతనం నుంచి టైప్ 1 మధుమేహం ఉంది. గత నెల జ్వరం, వాంతులు పట్టుకుని ఇన్సులిన్ సరిగా వేసుకోకపోవడంతో కీటోఅసిడోసిస్ (కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం) వచ్చి ఐసీయూలో చేరాడు. చేరినప్పుడు రక్తం పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 7.08 ఉంది, మరుసటి సాయంత్రానికి 7.33కు వచ్చింది. ఆ సాయంత్రమే థైరాయిడ్ పరీక్షలు కూడా చేశారు. టోటల్ టీ3 48 (ఉండాల్సింది 80–200), ఫ్రీ టీ4 0.8 (0.8–1.8), టీఎస్‌హెచ్ 0.3 (0.4–4.0) వచ్చాయి. ఇంటికి వచ్చి మూడు వారాలైంది. నీరసం తప్ప బాగానే ఉన్నాడు. టీ3 తగ్గింది కాబట్టి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలని బంధువులు అంటున్నారు. రక్తం ఆమ్లంగా మారితే హార్మోన్ ప్రొటీన్ల నుంచి ఊడిపోతుందని, అప్పుడు చేసిన పరీక్షలన్నీ తప్పేనని నేను ఒకచోట చదివాను. ఏది నిజం? మళ్లీ ఎప్పుడు చేయించాలి? పరీక్షకు ముందు ఆల్కలైన్ నీళ్లో, వంట సోడా కలిపిన నీళ్లో తాగితే సరైన ఫలితం వస్తుందా? మా అమ్మ ఎన్నో ఏళ్లుగా థైరాక్సిన్ మాత్ర వేసుకుంటోంది, ఎసిడిటీకి కూడా రోజూ మందు వాడుతోంది. ఆమె పరీక్షల మీద కూడా ఈ ప్రభావం ఉంటుందా?

సమాధానం: ముందుగా మాత్ర సంగతి చెప్పి తర్వాత మిగతా విషయాల్లోకి వెళ్తాను. మీరు రాసిన మూడు అంకెలను మాత్రమే ఆధారం చేసుకుని మీ తమ్ముడికి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకండి. అతని టీ3 తగ్గిన మాట వాస్తవమే, ల్యాబ్ తప్పు చేయలేదు. కాని అది థైరాయిడ్ గ్రంథి చెడిపోవడం వల్ల తగ్గినట్టు ఈ రిపోర్టులో ఆధారమేమీ లేదు. గ్రంథి నిజంగా పని మానేస్తే, దానిని పని చేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ టీఎస్‌హెచ్ పెరగాలి. ఇక్కడ అది మామూలు కంటే కొంచెం తక్కువగా ఉంది. మీరు చదివిన మాటలో సూత్రం సరైనదే, కాని ఆ సూత్రం మీ తమ్ముడి రిపోర్టును వివరించదు. ఎందుకు వివరించదో అర్థం కావాలంటే రక్తంలో ఈ హార్మోన్ ఎలా ప్రయాణిస్తుందో కొంత తెలియాలి.

థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా టీ4ను, అంటే థైరాక్సిన్‌ను, విడుదల చేస్తుంది. రక్తంలోకి వచ్చిన టీ4లో దాదాపు 99.97 శాతం ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది, మిగిలిన 0.03 శాతం మాత్రమే విడిగా తిరుగుతూ కణాల్లోకి వెళ్లగలుగుతుంది. మోసే ప్రొటీన్లు మూడు. లివర్‌లో తయారయ్యే థైరాక్సిన్ బైండింగ్ గ్లోబ్యులిన్, అంటే టీబీజీ, పరిమాణంలో చాలా తక్కువే అయినా పట్టు ఎక్కువ కాబట్టి టీ4లో నాలుగింట మూడు వంతుల మేర తానే మోస్తుంది. మిగిలిన దానిని ట్రాన్స్‌థైరెటిన్, ఆల్బుమిన్ పంచుకుంటాయి. ఆల్బుమిన్ పట్టు చాలా వదులు, కాని రక్తంలో అది విస్తారంగా ఉంటుంది కనుక ఆ లోటు పూడుతుంది. కణాల్లో అసలు పని చేసే హార్మోన్ టీ3, ఎక్కువగా టీ4 నుంచే తయారవుతుంది. దాని మీద ప్రొటీన్ల పట్టు టీ4 మీద ఉన్నంత గట్టిది కాదు. అందుకే అందులో విడిగా తిరిగేది 0.3 శాతం దాకా ఉంటుంది. ఈ అతుక్కోవడం శాశ్వత బంధం కాదు. హార్మోన్ అణువు నిరంతరం విడిపోతూ మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది, ఏ క్షణంలో చూసినా విడిగా ఉన్న భాగం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. రిపోర్టులో ‘ఫ్రీ టీ4’ అని కనిపించేది ఈ విడి భాగపు అంచనా. ‘టోటల్’ అంటే అతుక్కున్నది, విడిగా ఉన్నది కలిపి.

ఈ పట్టు మీద ఆమ్లత ఎక్కడ పని చేస్తుందో ఇప్పుడు చూద్దాం. టీ4 అణువులో బయటి వలయం మీద ఒక హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉంటుంది, దానికి రెండు పక్కలా రెండు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఆ రెండు అయోడిన్ల ప్రభావంతో ఆ హైడ్రాక్సిల్ తన హైడ్రోజన్‌ను సులువుగా వదిలేస్తుంది. సగం అణువులు వదిలేసే పీహెచ్ సుమారు 6.7. రక్తం మామూలుగా 7.4 దగ్గర ఉంటుంది కాబట్టి టీ4 అణువుల్లో నూటికి 83 దాకా హైడ్రోజన్ వదిలి రుణావేశంతో తిరుగుతుంటాయి. మోసే ప్రొటీన్లు టీ4ను అంత గట్టిగా పట్టుకోవడానికి ఈ రుణావేశం ఒక కారణం. రక్తం ఆమ్లంగా మారితే కొన్ని అణువులు హైడ్రోజన్‌ను తిరిగి తీసుకుంటాయి. ఆవేశం పోయిన అణువు మీద పట్టు సడలాలి. ప్రొటీన్ కూడా ఊరికే ఉండదు, పీహెచ్ మారితే దాని మీది ఆవేశాలూ మారతాయి. ముఖ్యంగా ఆల్బుమిన్ మామూలు పీహెచ్ పరిసరాల్లోనే ఒక ఆకృతి నుంచి ఇంకో ఆకృతికి మెల్లగా మారుతూ ఉంటుంది. మీరు చదివిన వ్యాసం ఇంతవరకు చెప్పి ఉంటే అందులో తప్పేమీ లేదు.

అయితే ఇందులో పరిమాణం ఎంతో చూడకుండా సూత్రం ఒక్కటే చూస్తే మోసపోతాం. మీ తమ్ముడు ఆసుపత్రిలో చేరినప్పటి 7.08 చిన్న మార్పు కాదు. 7.4 దగ్గర లీటరు రక్తంలో 40 నానోమోల్ హైడ్రోజన్ అయాన్లు ఉంటే 7.08 దగ్గర 83 ఉంటాయి, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. శరీరానికి అది ప్రాణాపాయ స్థితి. అయినా టీ4 విషయంలో లెక్క వేస్తే, ఆవేశంతో ఉన్న అణువులు నూటికి 83 నుంచి 71కి తగ్గుతాయి, అంతే. ఆ తగ్గుదల మొత్తం పట్టు మీదే పడిందని, ఇంకే సర్దుబాటూ జరగలేదని అనుకున్నా, విడిగా ఉన్న టీ4 ఆరింట ఒక వంతు పెరుగుతుందేమో. ఫ్రీ టీ4 1.2 ఉండాల్సిన మనిషికి 1.4 వస్తుంది, ఆ రెండు అంకెలూ మామూలు పరిధిలోనివే. పైగా మీ తమ్ముడి థైరాయిడ్ శాంపిల్ తీసే సమయానికి పీహెచ్ 7.33కు వచ్చేసింది. ఆ పీహెచ్‌లో ఆవేశమున్న టీ4 నూటికి 81 ఉంటుంది. అంటే మామూలు స్థితికి, దానికి తేడా లేనట్టే.

మార్పు దిశను గమనిస్తే ఈ వాదన ఇంకా నిలవదు. ఆమ్లత వల్ల పట్టు సడలి ఉంటే ఫ్రీ టీ4 పైకి వెళ్లాలి, అతనికి అది అడుగు అంచున ఉంది. ఇక అందరినీ భయపెట్టిన టీ3 సంగతి చూడండి. టీ3 బయటి వలయంలో ఒకే అయోడిన్ ఉంటుంది కాబట్టి దాని హైడ్రాక్సిల్ హైడ్రోజన్‌ను అంత సులువుగా వదలదు. సగం అణువులు వదిలే పీహెచ్ 8.5 దగ్గర. మామూలు రక్తంలోనే టీ3 అణువుల్లో పదింట తొమ్మిది ఆవేశం లేకుండా ఉంటాయి. ఆవేశం మీద పెద్దగా ఆధారపడని హార్మోన్‌ను ఆమ్లత ఏం చేయగలదు? పైగా అతనికి చేసింది టోటల్ టీ3. అతుక్కున్నదీ విడిపోయినదీ కలిపి లెక్కపెట్టే పరీక్షలో పట్టు సడలినంత మాత్రాన అంకె అప్పటికప్పుడు సగానికి పడిపోదు. కాబట్టి ఆ 48కి కారణం వేరే వెతకాలి.

ఆ కారణం చెప్పే ముందు పరీక్ష గొట్టంలో జరిగే ఒక సంగతి చెప్పాలి. దీని గురించి రోగులకు ఎవరూ చెప్పరు. శరీరంలోని పీహెచ్ శాంపిల్‌తో పాటు ల్యాబ్ దాకా వెళ్లదు. రక్తంలో ఆమ్లతను నిలిపే వాటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ముఖ్యమైనది. వేరు చేసిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) మూత తీసి ఉంచితే ఆ వాయువు గాలిలోకి పోతుంది, సీరం క్షారం వైపు జరుగుతుంది, కొంతసేపటికి పీహెచ్ 8 దాకా వెళ్లవచ్చు. ఆ తర్వాత ఆటోమేటిక్ యంత్రం మైక్రోలీటర్లలో కొద్దిపాటి సీరం తీసుకుని, పీహెచ్ స్థిరంగా ఉండే బఫర్ ద్రావణంలో కలిపి, యాంటీబాడీలతో కొలుస్తుంది. ఫ్రీ టీ4కు ప్రామాణికంగా భావించే ఈక్విలిబ్రియం డయాలసిస్ పద్ధతిలోనైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. అందులో సీరాన్ని సన్నని పొరకు ఒక వైపు, బఫర్‌ను మరో వైపు ఉంచి, పొర దాటి వచ్చిన టీ4ను కొలుస్తారు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, పీహెచ్ 7.4 ఉండేలా కట్టుదిట్టం చేస్తారు. ఉష్ణోగ్రత తగ్గితే ప్రొటీన్ల పట్టు బిగుస్తుంది, పీహెచ్ మారితే పట్టు మారుతుంది, రెండింటినీ నిలిపితేనే ఒక రోగి ఫలితాన్ని ఇంకొకరితో పోల్చగలం.

అంటే ఫ్రీ టీ4 రిపోర్టు చెప్పేది, ఈ సీరం ఆరోగ్యవంతుడి పీహెచ్‌లో ఉంటే విడిగా ఎంత హార్మోన్ ఉంటుంది అన్నదే. ఐసీయూ మంచం మీద ఆ క్షణంలో ఎంత ఉందో అది చెప్పదు. ఆమ్లతతో రిపోర్టు పాడవుతుందన్న మాటకు ఇక్కడే బలం పోతుంది. ఆమ్లత శరీరంలో పట్టును కొంత మార్చినా, ఆ మార్పు ల్యాబ్‌లో చెరిగిపోతుంది. ఆసుపత్రుల్లో అయనైజ్డ్ కాల్షియం (రక్తంలో విడిగా ఉన్న కాల్షియం) పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నంగా జరుగుతుంది. కాల్షియం కూడా ఆల్బుమిన్‌కు అతుక్కునేదే, ఆమ్లత పెరిగితే విడిపోయేదే. కాని అక్కడ రోగి శరీరంలోని పీహెచ్ దగ్గరే కొలవాలి కాబట్టి శాంపిల్‌ను గాలి తగలకుండా మూసి వెంటనే యంత్రానికి ఇస్తారు. థైరాయిడ్ శాంపిల్‌కు అలాంటి ఏర్పాటు ఎవరూ చేయరు, చేయాల్సిన అవసరమూ లేదు.

మరి టీ3 ఎందుకు తగ్గింది? శరీరంలోని టీ3లో ఐదింట నాలుగు వంతులు గ్రంథి నుంచి నేరుగా రావు. లివర్, కండరాలు వంటి చోట్ల టీ4 నుంచి ఒక అయోడిన్‌ను తొలగించే ఎంజైములు దానిని తయారు చేస్తాయి. తీవ్రమైన జబ్బు చేసినప్పుడు, తిండి ఆగిపోయినప్పుడు, ఇన్సులిన్ లేక కణాలు ఆకలితో ఉన్నప్పుడు ఆ ఎంజైముల పని మందగిస్తుంది. అదే సమయంలో టీ4ను పనికిరాని రివర్స్ టీ3గా మార్చే మరో ఎంజైము జోరందుకుంటుంది. టీ3 రక్తంలో సగానికి తగ్గడానికి ఒక్క రోజు చాలు కాబట్టి రిపోర్టులో మొదట పడిపోయేది అదే. టీ4కు అదే పని జరగడానికి వారం పడుతుంది, అందుకే అది తర్వాత, జబ్బు తీవ్రతను బట్టి తగ్గుతుంది. దీనిని వైద్యులు లో టీ3 సిండ్రోమ్ అనీ, సిక్ యూథైరాయిడ్ అనీ అంటారు. కీటోఅసిడోసిస్‌లో ఇది చాలా మామూలు. జబ్బు తగ్గితే అంకెలు వాటంతట అవే పైకి వస్తాయి. ఈ స్థితిలో బయటి నుంచి హార్మోన్ ఇస్తే మేలు జరుగుతుందని రుజువు కాలేదు. ఖర్చులను తగ్గించుకోవడానికి శరీరం తానే హార్మోన్‌ను తగ్గించుకుంటోందన్నది చాలామంది వైద్యుల అభిప్రాయం, నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇందుకు తోడు మోసే ప్రొటీన్లు కూడా జబ్బులో తగ్గుతాయి. ట్రాన్స్‌థైరెటిన్ రెండు రోజుల్లో సగానికి తగ్గే స్వభావం కలది. వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు లివర్ దాని తయారీ తగ్గించేస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఒక ఎంజైము టీబీజీని కోసి దాని పట్టును బలహీనం చేస్తుంది. మోసేవాళ్లు తగ్గితే టోటల్ అంకెలు తగ్గుతాయి, విడిగా ఉన్నది మాత్రం పెద్దగా మారకపోవచ్చు.

కీటోఅసిడోసిస్‌లో పట్టును నిజంగా కదిలించగలవి కొవ్వు ఆమ్లాలు, అవి ఆమ్లత కంటే గట్టి ప్రత్యర్థులు. ఇన్సులిన్ లేనప్పుడు శరీరం కొవ్వును కరిగించి రక్తంలోకి వదులుతుంది. ఆ ఆమ్లాలను ముందుగా ఆల్బుమిన్ పట్టి ఉంచుతుంది, కాని ఒక్కో ఆల్బుమిన్ అణువుకు ఐదుకు మించి చేరితే మిగిలినవి టీబీజీ దగ్గరికి వెళ్లి టీ4ను బయటికి నెట్టగలవు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇందులో ఒక విచిత్రం చేస్తుంది. అది కొవ్వును విడగొట్టే ఎంజైమును రక్తంలోకి వదిలిస్తుంది, ఆ ఎంజైము శాంపిల్ గొట్టంలో కూడా పని ఆపదు. ఫలితంగా మనిషి ఒంట్లో లేని కొవ్వు ఆమ్లాలు గొట్టంలో పుట్టి, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో, శాంపిల్ ఎక్కువసేపు వెచ్చగా ఉన్నప్పుడు ఈ తప్పు పెరుగుతుంది. ఐసీయూలో వాడే స్టెరాయిడ్లు, బీపీ నిలపడానికి ఇచ్చే డోపమిన్ టీఎస్‌హెచ్‌ను కిందికి లాగుతాయి. సిర ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) టీబీజీ దగ్గర టీ4 స్థానాన్ని ఆక్రమిస్తుంది. డిశ్చార్జి పత్రాల్లో అతనికి ఆ రెండు రోజుల్లో ఏమేమి ఇచ్చారో చూసి, ఆ జాబితాను థైరాయిడ్ రిపోర్టు పక్కనే పెట్టి డాక్టరుకు చూపించండి. ఆ జాబితా లేకుండా 0.3 అనే టీఎస్‌హెచ్‌కు అర్థం చెప్పడం కష్టం.

రక్తపు ఆమ్లత థైరాయిడ్‌ను అసలు తాకదని అనడం లేదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి కొన్ని రోజుల పాటు రక్తాన్ని కొంచెం ఆమ్లంగా ఉంచిన ప్రయోగం 1997లో వెలువడింది. అందులో ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 కొంత తగ్గాయి, టీఎస్‌హెచ్ కొంత పెరిగింది. అంటే ఆమ్లత చాలా రోజులు కొనసాగితే హార్మోన్ వ్యవస్థ మొత్తం కొద్దిగా కిందికి సర్దుకుంటుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఇది పట్టించుకోదగిన విషయం. అక్కడ ఆమ్లత నెలల తరబడి ఉంటుంది, టీ3 తగ్గడం తరచుగా కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో సరిదిద్దిన కీటోఅసిడోసిస్‌కు ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించలేం.

మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చి పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు వారాలు ఆగడం మంచిది. ఇప్పుడు మూడు వారాలే అయింది కాబట్టి ఇంకో మూడు, నాలుగు వారాలు ఓపిక పట్టండి. ఇంత ఆగమనడానికి ప్రత్యేక కారణం ఉంది. జబ్బు నుంచి తేరుకునే దశలో అణిగి ఉన్న టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, కొందరిలో తాత్కాలికంగా 10 దాటి 20 దాకా వెళ్లవచ్చు. సరిగ్గా ఆ సమయంలో పరీక్ష చేయిస్తే హైపోథైరాయిడ్ అనే ముద్ర పడి, అవసరం లేని మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంది. నిజం చెప్పాలంటే మీ తమ్ముడికి ఐసీయూలో ఉండగా ఆ పరీక్ష రాయకపోయి ఉంటే మీకీ కలవరం తప్పేది. థైరాయిడ్ జబ్బే ఈ ప్రమాదానికి కారణమన్న గట్టి అనుమానం ఉంటే తప్ప అలాంటి సమయంలో చేయించకూడదన్నది సాధారణ నియమం.

అలాగని అతనికి థైరాయిడ్ పరీక్షే అక్కర్లేదని తీసిపారేయవద్దు. టైప్ 1 మధుమేహం శరీర రక్షణ వ్యవస్థ తన మీద తానే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు. అదే దాడి థైరాయిడ్ మీద జరిగే అవకాశం ఇలాంటి వారిలో మిగతావారి కంటే బాగా ఎక్కువ. అందుకే చక్కెర అదుపులోకి వచ్చి నిలకడగా ఉన్నప్పుడు టీఎస్‌హెచ్, దానితో పాటు థైరాయిడ్ మీద ఆ దాడికి గుర్తయిన థైరాయిడ్ పెరాక్సిడేజ్ యాంటీబాడీలు చూడాలి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు టీఎస్‌హెచ్ చూస్తుండాలి. ఈసారి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఆ యాంటీబాడీలు అడగండి. టీ3 ఈ దశలో కొత్తగా చెప్పేది తక్కువ. టీఎస్‌హెచ్ మామూలుగా వస్తే పాత టీ3ను మరిచిపోవచ్చు. టీఎస్‌హెచ్ 10 దాటి, యాంటీబాడీలు కూడా ఉంటే అప్పుడు మాత్ర మాట వస్తుంది. రెండింటి మధ్య ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చూడటమే తప్ప తొందర పడాల్సింది లేదు.

ఆగకూడని సందర్భాలు రెండున్నాయి. గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, మెడ ముందు వాపు ఉంటే వెంటనే డాక్టరును కలవండి. థైరాయిడ్ అతిగా పని చేయడం చక్కెరను పెంచుతుంది, కీటోఅసిడోసిస్‌ను కూడా రెచ్చగొట్టగలదు. తీవ్ర జబ్బు సమయంలో టీ3 తగ్గుతుంది కాబట్టి అలాంటివారిలో కూడా రిపోర్టు మామూలుగా కనిపించి మోసం చేయవచ్చు. అయితే వారిలో టీఎస్‌హెచ్ దాదాపు కొలవలేనంతగా, 0.01 కంటే దిగువకు పడిపోతుంది, 0.3 దగ్గర ఆగదు. రెండోది, నీరసంతో పాటు ఇన్సులిన్ అవసరం తగ్గిపోతూ చక్కెర తరచుగా పడిపోతుంటే, చర్మం నల్లబడుతుంటే, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథుల సంగతి చూడాలి. టైప్ 1 ఉన్నవారిలో ఎడ్రినల్ గ్రంథులు దెబ్బతినడం అరుదే, కాని దానిని గుర్తించకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. బంధువుల మాట మీద మాత్ర వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం.

ఆల్కలైన్ నీళ్లు, వంట సోడా ఈ విషయంలో పనికిరావు. తాగిన నీళ్లు ముందు పొట్టలోని ఆమ్లంలో కలుస్తాయి. ఆ పైన ఏదైనా మిగిలినా ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను సర్ది, కిడ్నీలు మిగులు క్షారాన్ని మూత్రంలోకి పంపి రక్తం పీహెచ్‌ను 7.35, 7.45 మధ్యనే నిలుపుతాయి. మూత్రం పీహెచ్ మారుతుంది, రక్తానిది కాదు. ఇప్పుడు మీ తమ్ముడి రక్తం ఎలాగూ మామూలుగానే ఉంది, పరీక్ష ఎలాగూ స్థిరమైన బఫర్‌లోనే జరుగుతుంది కాబట్టి సరిదిద్దడానికి అక్కడ ఏమీ లేదు. వంట సోడాలో సోడియం చాలా ఎక్కువ, ఎక్కువగా తీసుకుంటే పొటాషియం పడిపోతుంది. కీటోఅసిడోసిస్‌తో చేరినవారికి కూడా పీహెచ్ 7.0 కంటే దిగువకు పడిపోతే తప్ప వైద్యులు సాధారణంగా బైకార్బనేట్ ఇవ్వరు. ఇన్సులిన్, ద్రవాలు, పొటాషియమే ఆ ఆమ్లతకు చికిత్స. ఇంట్లో సోడా తాగించి ఇన్సులిన్ ఆలస్యం చేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. మళ్లీ వాంతులు మొదలైతే తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదని, కీటోన్లు చూసుకుని డాక్టరుతో మాట్లాడాలని అతనికి గుర్తు చేయండి.

మీ అమ్మగారి సంగతి దీనికి సంబంధం లేనిది, కాని ఆచరణలో ఆమె విషయమే ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది. ఆమెకున్నది పొట్టలోని ఆమ్లం సమస్య, రక్తంలోది కాదు. దానివల్ల హార్మోన్ ప్రొటీన్లను పట్టుకునే తీరు మారదు, పరీక్ష తప్పు చూపదు. మారేది మాత్ర ఒంటికి పట్టే తీరు. థైరాక్సిన్ మాత్ర బాగా కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి రోజూ వేసుకునేవారిలో, పొట్ట లోపలి పొర పలచబడి ఆమ్లం తగ్గినవారిలో మాత్ర తక్కువగా పీల్చుకోబడి టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అప్పుడు పెరిగిన టీఎస్‌హెచ్ నిజమైనదే, దానికి తగ్గట్టు మోతాదు మార్చాల్సిందే. ఎసిడిటీ మందు కొత్తగా మొదలుపెట్టినా, మానేసినా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించండి. అల్యూమినియం, కాల్షియం ఉన్న యాంటాసిడ్లు, ఐరన్ మాత్రలు థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి కాబట్టి వాటికీ థైరాక్సిన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

పరీక్ష రోజు ఉదయం ఆమె రక్తం ఇచ్చాకే థైరాక్సిన్ వేసుకోవడం మంచిది, ఎందుకంటే మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 కొంత పైకి లేస్తుంది. జుట్టుకో గోళ్లకో బయోటిన్ వాడుతున్నారేమో ఇద్దరినీ అడగండి. చాలా యంత్రాలు బయోటిన్ అతుక్కునే రసాయనం మీదే పని చేస్తాయి. పెద్ద మోతాదులో అది రక్తంలో ఉంటే ఫ్రీ టీ4, టీ3 లేనంతగా పెరిగినట్టు, టీఎస్‌హెచ్ పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది, చూస్తే అచ్చం థైరాయిడ్ అతిగా పని చేస్తున్నట్టే ఉంటుంది. మామూలు మోతాదైతే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, చాలా పెద్ద మోతాదులైతే ఇంకా ముందుగా ఆపాలి. ల్యాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పాలి.